బస్సెక్కి కొండకు: శ్రీకాకుళం, విజయనగరం వైపు ఒక పూట నడకలు ఎలా వేసుకోవాలి

సొంత బండి లేకపోయినా ఈ రెండు జిల్లాల్లో కొండలకీ, చెరువులకీ, రిజర్వాయర్లకీ పల్లెవెలుగు బస్సు ఎక్కి వెళ్లి రావచ్చు. వెళ్లడం ఎప్పుడూ కష్టం కాదు. చిక్కంతా తిరిగి రావడంలోనే. అందుకే ఇక్కడ నడక ప్లాన్ చేసేటప్పుడు ముందు చూడాల్సింది కొండ ఎత్తూ, దారి పొడవూ కాదు. ఆ ఊరి నుంచి మధ్యాహ్నం బయల్దేరే బస్సు ఏదో చూసుకుని, దాన్నిబట్టి ఎంత దూరం నడవాలో తేల్చుకోవాలి.

ముందు తిరుగు బస్సు

కాంప్లెక్స్‌లో (ఆర్టీసీ బస్టాండులో) ఎంక్వైరీ దగ్గరికి వెళ్లి "ఫలానా ఊరికి బస్సు ఎన్నింటికి?" అని మాత్రమే అడిగితే సగం సమాధానమే వస్తుంది. "అక్కడి నుంచి మధ్యాహ్నం బస్సు ఉందా, ఆఖరిది ఎన్నింటికి?" అని కూడా అడగండి. సాయంత్రం వెళ్లే బస్సుల్లో కొన్ని నైట్ హాల్ట్ బస్సులు. అవి రాత్రికి ఊళ్లోనే పడుకుని తెల్లారాక తిరిగొస్తాయి. ఊళ్లోకి బస్సు రావడం చూసి, అదే తిరిగి వెళ్తుందిలే అనుకున్నవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే.

ఎక్కాక ఇదే ప్రశ్న కండక్టర్‌ని మరోసారి అడగండి. రోజూ ఆ రూట్లో తిరిగే మనిషి చెప్పినదానికే విలువ ఎక్కువ. దిగిన చోట కిళ్లీ కొట్టులోనో టీ దుకాణంలోనో మూడోసారి అడగండి. ముగ్గురూ ఒకే టైము చెబితే నిశ్చింత. తేడా వస్తే అందరికంటే ముందు టైము చెప్పినవాళ్ల మాటే పట్టుకోండి. ఆదివారాలు, పండగ రోజుల్లో పల్లె సర్వీసులు తగ్గొచ్చు. కాబట్టి శనివారం అడిగిన టైము ఆదివారానికి పనికొస్తుందో లేదో కూడా కనుక్కోండి.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. నలుగురు ఆడవాళ్లు కలిసి నడకకి వెళ్లాలంటే ఇంతకంటే చవకగా ఏ ఊళ్లోనూ కుదరదు. సీటు కావాలంటే మాత్రం పొద్దున్నే కాంప్లెక్స్‌కి చేరాలి. దారిలో ఎక్కితే నిలబడే ప్రయాణం.

పొద్దు గురించి ఒక మాట. రాష్ట్రంలో ఈ మూల తూర్పుకి బాగా జరిగి ఉంది. డిసెంబరు మొదట్లో సూర్యుడు సాయంత్రం ఐదుంబావు దాటాక కాసేపటికే దిగిపోతాడు, హైదరాబాద్ కంటే ఇరవై నిమిషాలు ముందే. కొండ వెనక నీడ ఇంకా తొందరగా పడుతుంది. అందుకని చలికాలంలో మూడు గంటలకల్లా కిందికి దిగిపోయేలా లెక్క వేసుకోండి. కొండ ఎక్కడానికి గంటన్నర పడుతుందని తెలిస్తే దిగడానికీ అంతే ఉంచండి. పిల్లలూ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ ఉంటే ఎక్కడం కంటే దిగడమే ఆలస్యమవుతుంది.

ఏ నెలలో వెళ్లాలి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఎటు వెళ్లినా బాగుంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో కొండలు పచ్చగా ఉంటాయి, గెడ్డల్లో (కొండవాగుల్లో) నీళ్లుంటాయి, దారి మాత్రం జారుతుంది. అక్టోబరు చాలా అందమైన నెలే కానీ మన తీరానికి అది తుపాన్ల నెల కూడా. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వింటే నడక వాయిదా వేసెయ్యండి. గాలి లేకపోయినా, ఒక్కసారి గట్టిగా వాన కురిస్తే పల్లె బస్సులు ఆగిపోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. తప్పదంటే మొదటి బస్సుకి వెళ్లి తొమ్మిదిన్నరకల్లా నడక ముగించండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

మనిషికి రెండు లీటర్ల నీళ్లు. బోరింగు కనిపిస్తుందిలే అన్న ధీమాతో వెళ్లకండి. రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, టోపీ లేదా తువ్వాలు, చిన్న టార్చి, చిల్లర డబ్బులు, గుర్తింపు కార్డు. వెనక పట్టీ లేని చెప్పులతో మెట్ల వరకే నడవగలరు. మట్టి దారి మొదలైతే బూట్లే ఉండాలి. తిండికి పులిహోర మంచిది, మధ్యాహ్నం దాకా పాడవ్వదు. పొద్దున్న బయల్దేరే ముందు బస్టాండు దగ్గర చోడంబలి (రాగి అంబలి) అమ్మేవాళ్లు కనిపిస్తే ఒక గ్లాసు తాగేయండి, పన్నెండు దాకా ఆకలి గుర్తుకు రాదు. గుడి ఉన్న కొండకి వెళ్తుంటే తిండిని కవర్లో చేత్తో పట్టుకుని తిరగకండి. కవరు చప్పుడు వింటే కోతులు వచ్చేస్తాయి. అన్నీ వీపు సంచిలో పెట్టి జిప్ వేసేయండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకి: పుణ్యగిరి

అడవి నడక అలవాటు లేనివాళ్లు పుణ్యగిరితో మొదలుపెట్టాలని నా సలహా. విజయనగరం కాంప్లెక్స్ నుంచి శృంగవరపుకోట బస్సు ఎక్కండి. అందరూ ఎస్.కోట అనే అంటారు, బోర్డు మీద కూడా అలాగే కనిపించవచ్చు. విశాఖ నుంచి వచ్చేవాళ్లకి అరకు వైపు వెళ్లే బస్సులన్నీ ఎస్.కోట మీదుగానే వెళ్తాయి. ఈ ఊరిని మొదట చెప్పడానికి అసలు కారణం ఇదే. రెండు పెద్ద ఊళ్లకీ బస్సులు దొరుకుతాయి కాబట్టి తిరుగు ప్రయాణం టెన్షన్ ఉండదు.

ఎస్.కోటలో దిగాక కొండ మొదలు దాకా ఆటో దొరుకుతుంది. దూరం తక్కువే కాబట్టి చల్లటి పూటైతే నడిచే వెళ్లండి. ఊరు దాటాక పొలాలు, తోటలు, వాటి వెనక తూర్పు కనుమల గోడ. ఒళ్లు వేడెక్కడానికి ఆ నడక సరిగ్గా సరిపోతుంది. కొండ దగ్గర మెట్ల దారి పట్టుకుని ఉమాకోటిలింగేశ్వర స్వామి గుడికి ఎక్కాలి. మెట్లకి రెండు పక్కలా చెట్లే. పక్కన రాళ్ల మధ్య నుంచి నీళ్ల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. పాండవులు అజ్ఞాతవాసంలో ఈ చుట్టుపక్కలే తిరిగారని స్థలపురాణం. నమ్మినా నమ్మకపోయినా, దాక్కోవడానికి మంచి చోటే ఎంచుకున్నారు.

మెట్లు ఒక్క ఊపున ఎక్కకండి. యాభై మెట్లకోసారి నిలబడండి, కూర్చోకండి. కూర్చుంటే కాళ్లు బిగుసుకుని మళ్లీ లేవడం కష్టమవుతుంది. గుడి దగ్గర ధారలుంటాయి, స్నానాలు చేసేవాళ్లు ఉంటారు. ఇది ముందు భక్తుల చోటు, తర్వాతే మన నడక దారి. పాటలు పెట్టుకునే స్పీకర్లు ఇంట్లో వదిలేయండి. ఓపిక ఉంటే పైన ధారగంగమ్మ వైపు వెళ్లొచ్చు. వెళ్లే ముందు గుడి దగ్గర ఎవరినైనా అడగండి. "రాత్రి పైన వాన పడిందమ్మా, ఈయేళ ఎల్లకండి" అంటే వెనక్కి తిరగడమే. వాళ్లు ఊరికే అనరు.

గెడ్డ గురించి ఇక్కడే చెప్పాలి. మీరు నిలబడిన చోట ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడితే గెడ్డ పొంగుతుంది. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగుకి మారినా, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొచ్చినా, చప్పుడు పెరిగినా ఫోటోలు ఆపి ఒడ్డుకి వచ్చేయండి. వచ్చిన గట్టు వైపుకే రండి. అవతలి గట్టుకి వెళ్తే అక్కడే చిక్కుకుపోతారు. మోకాలు దాటిన పరుగు నీటిలో అడుగు పెట్టవద్దు.

శివరాత్రికి ఇక్కడ పెద్ద జాతర. ఆర్టీసీ స్పెషల్ బస్సులు వేస్తుంది. జాతర చూడాలంటే ఆ రోజు, అడవి చూడాలంటే ఇంకో రోజు. కార్తీక సోమవారాలూ రద్దీయే.

నీటి ఒడ్డున: తాటిపూడి

గోస్తనీ నది బొర్రా గుహల వైపు కొండల్లో పుట్టి, కిందికి దిగి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మధ్యలో గంట్యాడ మండలంలో దానికి కట్టిన రిజర్వాయరే తాటిపూడి. 1960లలో కట్టారు. విశాఖపట్నం తాగే నీళ్లలో కొంత ఇక్కడి నుంచే వెళ్తుంది. నీళ్లకి అవతల కొండలు, వాటి మీద అడవి. ఉదయం పూట గాలి లేనప్పుడు కొండలు నీళ్లలో తలకిందులుగా కనిపిస్తాయి.

విజయనగరం నుంచి గంట్యాడ వైపు బస్సు. తాటిపూడి దాకా వెళ్లే బస్సు టైముకి కుదరకపోతే గంట్యాడలో దిగి సర్వీసు ఆటో చూసుకోండి. ఇక్కడ తిరుగు బస్సు సంగతి పుణ్యగిరి కంటే జాగ్రత్తగా చూసుకోవాలి. వచ్చిన ఆటో డ్రైవర్‌నే "మళ్లీ ఎన్నింటికి ఇటొస్తావు బాబూ?" అని అడిగి ఫోన్ నంబరు తీసుకోవడం మంచి అలవాటు.

నడక సులువు. గట్టు మీద, ఒడ్డు వెంట ఎంత దూరం వెళ్లనిస్తే అంత దూరం. వాచ్‌మన్ వద్దన్న చోట వాదన పెట్టుకోకండి, అది డ్యామ్, పార్కు కాదు. నీళ్లు తగ్గిన నెలల్లో ఒడ్డున ఎండి పగిలిన మట్టి గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది, అడుగు పెడితే పిక్క దాకా దిగబడుతుంది. గడ్డి మొలిచిన చోటు వరకే నడవండి. స్నానానికి దిగవద్దు. ఒకటి, అది జనం తాగే నీరు. రెండు, రిజర్వాయర్‌లో లోతు మెల్లగా పెరగదు, పాత నది గాడి వచ్చిన చోట ఒక్కసారిగా పడిపోతుంది. ఈత వచ్చినవాళ్లూ ప్రాణాలు పోగొట్టుకునేది ఇలాంటి చోట్లే.

పిల్లలతో అయితే: తేలినీలాపురం

ఇది కొండ కాదు, అడవీ కాదు. ఊరు, ఊళ్లో చింతచెట్లు, చెట్ల నిండా గూళ్లు. పక్కన నౌపడ తంపర (చిత్తడి) నేలలు, ఉప్పు మడులు. అయినా నన్నడిగితే ఈ రెండు జిల్లాల్లో చిన్నపిల్లల్ని తీసుకెళ్లడానికి ఇదే అన్నిటికంటే మంచి నడక.

శ్రీకాకుళం కాంప్లెక్స్ నుంచి టెక్కలికి బస్సులకి లోటు లేదు. పలాస, ఇచ్ఛాపురం వెళ్లేవీ అటే వెళ్తాయి. టెక్కలిలో దిగి తేలినీలాపురానికి ఆటో. రైల్లో వచ్చేవాళ్లకి నౌపడ స్టేషను దగ్గర.

సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఇక్కడ గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. డిసెంబరు, జనవరిల్లో వెళ్తే గూళ్లలో పిల్లలు, తల్లి గొంతు సంచిలో ముక్కు దూర్చి చేపలు తినడం కనిపిస్తుంది. అందరూ వీటిని "సైబీరియా పక్షులు" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ గూడబాతు దక్షిణాసియా పక్షే. మన దేశంలోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరుగుతుంది. పిల్లలకి ఆ సంగతి చెప్పండి. అంత దూరం నుంచి రాకపోయినంత మాత్రాన వాటి గొప్పతనం తగ్గదు.

ఊళ్లో వీటిని ఎవరూ తోలరు, కొట్టరు. పక్షులొస్తే పంటలు బాగుంటాయని నమ్మకం. ఇళ్ల మధ్యే చెట్లు కాబట్టి మీరు నడిచేది ఒకరి వాకిట్లో నుంచి అని గుర్తుంచుకోండి. పలకరించి వెళ్లండి. "ఎటెల్తన్నారు బాబూ?" అని అడిగితే ఆగి జవాబు చెప్పండి. ఏ చెట్టు మీద పిల్లలు ఎక్కువున్నాయో వాళ్లే చూపిస్తారు. అటవీ శాఖ వాచ్ టవర్ ఉంది, పక్షుల గురించి చెప్పే కేంద్రం ఉంది. ముందు అది చూసి తర్వాత చెట్ల కిందికి వెళ్తే పిల్లలకి అర్థమవుతుంది.

చెట్ల కింద తలకి తప్పనిసరిగా టోపీ. ఎందుకో అక్కడికి వెళ్లగానే తెలుస్తుంది. కంపు కూడా ఉంటుంది, కాసేపటికి అలవాటైపోతుంది. గూళ్ల కింద చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపి ఫోటో తీయాలని చూడకండి. పెద్ద పక్షి ఒక్కసారి లేస్తే కదలలేని పిల్ల కింద పడుతుంది. డ్రోన్ అసలే వద్దు.

ఊరు చూశాక తంపర వైపు గట్ల మీద ఒక గంట నడవండి. ఉదయం ఎనిమిది లోపు, లేదా మూడున్నర తర్వాత. పక్షులు మేతకి వెళ్లి వచ్చేది ఆ వేళల్లోనే. మధ్యలో టైముంటే టెక్కలి దగ్గరే రావివలసలో ఎండల మల్లికార్జునుడి గుడి ఉంది, లింగం పైన కప్పు లేకుండా ఎండలోనే ఉంటుంది. జూన్ తర్వాత వర్షాకాలంలో వచ్చేవాళ్లు ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వెళ్లండి. అక్కడ నత్తగుల్ల కొంగలు. వాటి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తల్ని పట్టుకోవడానికి.

ఏరూ, సముద్రం ఒకే రోజు: శాలిహుండం

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వైపు బస్సు ఎక్కి, శాలిహుండం వెళ్లాలని కండక్టర్‌తో ముందే చెప్పండి, దగ్గర స్టాపులో దింపుతారు. వంశధార ఒడ్డున చిన్న కొండ. కొండంతా బౌద్ధుల ఇటుక స్తూపాలు, చైత్యాలు. వీటిని 1919లో మొదట వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగువారే. ఎక్కడం తేలిక, అరగంట చాలు. కానీ నీడ తక్కువ, కాబట్టి ఉదయమే ఎక్కాలి. పైనుంచి వంశధార ఇసుక తిన్నెలు, దూరంగా సముద్రం.

దిగాక కళింగపట్నం దాకా ఐదారు కిలోమీటర్లు. నడిచేవాళ్లు నడవొచ్చు, లేకపోతే బస్సో ఆటోనో. అక్కడ లైట్‌హౌస్, బీచ్. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లలోకి దిగకండి, అక్కడ లాగుడు ఎక్కువ. శ్రీకాకుళం బస్సు కళింగపట్నంలోనే ఎక్కడం మంచిది, మొదటి స్టాపు కాబట్టి సీటు దొరుకుతుంది.

ఇంకో రెండు చోట్లు ఉన్నాయి. పూటంతా తీరిక లేనివాళ్లకి విజయనగరం నుంచి రామతీర్థం. పన్నెండు పదమూడు కిలోమీటర్లే, బస్సులు తరచుగా ఉంటాయి. బోధికొండ, గురుభక్తుల కొండ ఎక్కితే బౌద్ధ, జైన ఆనవాళ్లు కనిపిస్తాయి. కొండ బండలు ఎండకి బాగా కాలతాయి, పదిలోపు దిగిపోండి. రాజాం వైపు వాళ్లకి వంగర మండలంలోని మడ్డువలస రిజర్వాయర్, దానికి దగ్గర్లో సంగాం. నాగావళి, సువర్ణముఖి, వేగావతి మూడూ అక్కడ కలుస్తాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. సీతంపేట ఏజెన్సీ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. బోర్డులు, పాత మ్యాపులు చూసి కంగారు పడకండి, సీతంపేట బస్సు మాత్రం ఎప్పటిలా పాలకొండ నుంచే.

జంతువులు, పాములు, తేనెటీగలు

ఉద్దానం వైపు, అంటే మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట ప్రాంతాల్లో జీడితోటలు చూడటానికి ఎంత ప్రశాంతంగా ఉన్నా తెల్లవారుజామునా, మసక చీకట్లోనూ వాటిలో నడవకండి. ఎలుగుబంట్లు తిరుగుతాయి, మనుషుల మీద పడిన సంఘటనలు ఉన్నాయి. పొదల మధ్య దారి ఉంటే మాట్లాడుకుంటూ నడవండి. మన చప్పుడు వింటే ఎలుగు తప్పుకుంటుంది, ఎదురుపడి ఉలిక్కిపడితేనే మీదికి వస్తుంది. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు మన్యం సరిహద్దుల్లో కొన్నేళ్లుగా తిరుగుతున్నాయి. ఊళ్లో "ఏనుగులొచ్చాయి" అన్న మాట వినిపిస్తే ఆ రోజు ప్రోగ్రాం రద్దు. చూడటానికి వెళ్లాలనే ఆలోచన పెట్టుకోకండి.

కొండ చరియలకీ, పెద్ద చెట్లకీ వేలాడే తేనెపట్ల కింద నిలబడవద్దు. ఘాటు సెంటు రాసుకుని వెళ్లవద్దు, దగ్గర్లో పొగ పెట్టవద్దు. లేచాయంటే తల, ముఖం కప్పుకుని పరుగెత్తడమే, చేతులు ఊపవద్దు.

పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, గాటు పెట్టడం, పసరు పూయడం ఏవీ చేయకండి. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే ఒకరు రోడ్డు మీదికి పరుగెత్తాలి, కరిచిన మనిషిని నడిపించకూడదు. ఇందుకే ఒంటరిగా వెళ్లవద్దంటారు. ముగ్గురుంటే ఒకరు తోడు ఉండి, ఒకరు సాయానికి వెళ్లొచ్చు.

బస్సు తప్పిపోతే

ముందు ఊళ్లో అడగండి. పాల వ్యానో, సంత నుంచి తిరిగొచ్చే ఆటోనో, బైకు మీద మండల కేంద్రానికి వెళ్లేవాళ్లో ఎవరో ఒకరు ఉంటారు. నేరుగా జిల్లా కేంద్రానికి చేరాలని పట్టుబట్టకండి. దగ్గర్లోని మెయిన్ రోడ్డుకి చేరితే చాలు. తాటిపూడి నుంచి గంట్యాడకి, తేలినీలాపురం నుంచి టెక్కలికి, మడ్డువలస నుంచి రాజాంకి. టెక్కలి హైవే మీద ఊరు కాబట్టి శ్రీకాకుళం వైపు రాత్రి కూడా ఏదో ఒకటి దొరుకుతుంది. ఆటో మాట్లాడుకుంటే ఎక్కే ముందే రేటు ఖాయం చేసుకోండి. ఊరివాళ్లు పక్కనుండగా మాట్లాడితే రేటు న్యాయంగా వస్తుంది. చీకటి పడ్డాక దగ్గరి దారి అంటూ తోటలకి అడ్డంగా నడవవద్దు, దూరమైనా తారు రోడ్డే పట్టుకోండి, టార్చి వెలిగించి కుడి పక్కన ఎదురొచ్చే బళ్లని చూస్తూ నడవండి. ఇంటికి ఫోన్ చేసి ఎక్కడున్నారో, ఏ బండి ఎక్కారో చెప్పేయండి, ఆటో నంబరు కూడా.